శల్యం ఎవరిదో మృగం వారిదే

(తిమ్మాజిపేటలో ధార్మిక సభయందు చేసిన ప్రసంగ పాఠం)



మహాభారతంలోని ఏదైనా ఒక ఘట్టాన్ని అందరికీ ఉపయోగపడే రీతిలో వివరించమని ధర్మకర్తల మండలివారు ఆదేశించారు. ఆదిపర్వంలో చాలామంది తొందరగా దాటిపోయే ఒక చిన్న ఘట్టాన్ని ఈనాడు మీ ముందు ఉంచుతున్నాను. ఒక రాజు వేటకు వెళ్ళాడు. లేడిని కొట్టాడు. దెబ్బ తగిలింది కాని ప్రాణస్థానంలో తగలలేదు. లేడి ఒంటిలో బాణంతోనే పారిపోయింది. రాజు వెంబడించాడు, వెదికాడు, దొరకలేదు. చూడటానికి ఇంతే. కాని ఆ రాజు పరీక్షిత్తు. తప్పిపోయిన ఆ లేడి వెంటనే శృంగి శాపం వచ్చింది, తక్షకుని కాటు వచ్చింది, జనమేజయుని సర్పయాగం వచ్చింది. ఆ యాగశాలలోనే వైశంపాయనుడు భారతం వినిపించాడు. ఆ శాపకాలంలోనే గంగాతీరాన శుకయోగి నోట భాగవతం వెలువడింది. మనం నిత్యం పారాయణ చేసే రెండు మహాగ్రంథాల శ్రవణానికి గురి తప్పిన ఒక బాణం కారణమైంది.

"వేట కథలు ఈ కాలంలో మాకెందుకు?" అని మీరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దానికి చేసిన సవరణ వేటను నిషేధించాయి. మన పాలమూరు సీమలో కృష్ణాతీరపు పొలాల్లో గుంపులుగా తిరిగే కృష్ణజింక ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే కారాగారవాసం తప్పదు. కనుక ఈనాడు వేట ఎలా చేయాలో చెప్పవలసిన పని నాకు లేదు. అయితే విల్లు లేకపోయినా బాణాలు వదిలేవాళ్ళం మనమందరమూ. వదిలిన బాణం అనుకోని చోట తగిలినప్పుడు ఏమి చేయాలన్నదే ఈనాటి విషయం.

మృగం ఎవరిది?

మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో ఒక న్యాయం కనిపిస్తుంది. అడవిని నరికి చదును చేసినవానిది పొలం, మృగం దేహంలో ఎవరి బాణం ఉన్నదో వానిది ఆ మృగం అని పూర్వవేత్తలు చెప్పారని మనువు అంటాడు. అక్కడ ప్రస్తావన వేరు, ఇది ఉపమానంగా వచ్చింది. కాని ఆ కాలపు వేటగాళ్ళందరికీ తెలిసిన కట్టుబాటు ఇదేనని దానివల్ల స్పష్టమవుతున్నది. కిరాతార్జునుల వివాదానికి మూలం కూడా ఇదే. ఒకే వరాహంలో రెండు బాణాలు దిగాయి. అది ఎవరిదన్న పంతంలో అర్జునుడు సాక్షాత్తు పరమశివునితో పోరాడాడు.

ఈ న్యాయాన్ని లోకం ఒక వైపు నుండే చదువుకున్నది. బాణం నాది కనుక మాంసం నాది, చర్మం నాది, కొమ్ములు నావి. మరొక వైపు నుండి చదివితే ఏమవుతుంది? బాణం నాది కనుక ఆ గాయమూ నాదే. పొదలో పడి దప్పికతో రొప్పుతున్న ఆ ప్రాణి బాధ నాది. దొరికిన మృగం మాత్రమే నాది, దొరకని మృగం ఎవరిదో అనడానికి వీలులేదు. ఎంత దూరం పోయినా శల్యం దానిలోనే ఉంది. శల్యం నాదైతే మృగమూ నాదే.

పరీక్షిత్తు ఎక్కడ తప్పాడు?

ఈ కొలతతో పరీక్షిత్తును చూడండి. అతడు అధర్మపరుడు కాడు. అభిమన్యుని కుమారుడు, పాండవుల తరువాత భూమిని చక్కగా పాలించినవాడు. అతని బాణం తగిలిన మృగం ప్రాణాలతో తప్పించుకొని పోవడం అంతవరకు జరగలేదని భారతమే చెబుతున్నది. ఆ రోజు జరిగింది. అతడు దాన్ని వదిలేయలేదు. యజ్ఞమృగాన్ని కొట్టి ఆకాశంలో దాని వెంట పరుగెత్తిన రుద్రునితో వ్యాసభగవానుడు అతణ్ణి పోల్చాడు. మృగశిర నక్షత్రాన్ని, దాని వెనుక మృగవ్యాధుడు అనే పెద్ద చుక్కను చూసినప్పుడు ఆ పోలిక గుర్తు చేసుకోవచ్చు. అంతవరకు రాజు చేసినది సరియే.

అప్పటికి అతనికి అరవై యేండ్లు. అలసట, ఆకలి, దప్పిక. గోవులు తిరిగే చోట శమీక మహర్షి కనిపించాడు. లేగదూడలు పాలు తాగేటప్పుడు వాటి మూతుల నుండి రాలే నురుగే ఆయన ఆహారం. రాజు తన పేరు చెప్పి, నేను కొట్టిన లేడి ఇటు వచ్చిందా అని అడిగాడు. మహర్షిది మౌనవ్రతం. సమాధానం రాలేదు. రాజుకు కోపం వచ్చింది. అక్కడ పడి ఉన్న చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని భుజం మీద వేశాడు. ముని కదలలేదు, మెదలలేదు. రాజు కోపం చల్లారింది, మనసు నొచ్చుకుంది, నగరానికి మరలిపోయాడు.

ఇక్కడ మా గురువుగారు పాఠం ఆపి శిష్యులను ఒక ప్రశ్న అడిగేవారు: "మరి ఆ లేడి ఏమైంది?" ఎవరి దగ్గరా సమాధానం ఉండేది కాదు. కథలో కూడా లేదు. పాము మెడలో పడిన క్షణం నుండి లేడిని రాజు మరచిపోయాడు. ముని మౌనం, తన అవమానం, తన కోపం, చివరకు తన పశ్చాత్తాపం. అన్నీ తన చుట్టూనే తిరిగాయి. బాణం మాత్రం లేడి ఒంటిలోనే ఉండిపోయింది.

రాజు ఎవరి మీద కోపగించాడు? గురి తప్పినది తన చేయి. దొరకనిది తన వేట. శిక్ష పడినది ఏ సంబంధమూ లేని తపస్వికి. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. మన పని చెడినప్పుడు ముందుగా వచ్చేది సిగ్గు. ఆ సిగ్గును మోయలేక కోపంగా మార్చుకొని దగ్గరున్నవాని మీద దించుతాము. ఇంటిలో భార్య మీద, బిడ్డల మీద, దుకాణంలో పనివాని మీద ఎన్ని చచ్చిన పాములు వేస్తున్నామో ఎవరికి వారే లెక్క చూసుకోవాలి.

శమీకుని మార్గం

ఈ కథలో రెండవ బాణం ఒకటి ఉంది. అది శాపం. ముని కుమారుడు శృంగి తండ్రికి జరిగిన అవమానం విని, ఏడు రాత్రులలో తక్షకుడు రాజును కాటు వేయాలని శపించాడు. శమీకుడు సంతోషించలేదు. రాజు రక్షణలో మనం తపస్సు చేసుకుంటున్నాము, ఆకలిదప్పులతో, నా వ్రతం తెలియక చేసినదానికి ఇంత శిక్షా అని కొడుకును మందలించాడు. శాపాన్ని వెనుకకు తీసుకోవడం సాధ్యం కాదు. బాణం విల్లు విడిచింది. అయినా ఆయన ఊరుకోలేదు. గౌరముఖుడనే శిష్యుణ్ణి రాజు దగ్గరకు పంపి, ఇలా జరిగింది, జాగ్రత్త పడమని కబురు చేశాడు. నష్టపోయినవాడు తానే అయినా, తన ఇంటినుండి వెలువడిన బాణం వెంట నడిచాడు. మరలింపలేని బాణం విషయంలో చేయగలిగిన పని ఇది ఒక్కటే. తగలబోయేవానికి ముందుగా తెలియజేయడం.

వార్త విన్న రాజు కూడా మునిని నిందించలేదు. తనకు మరణం వచ్చిందని కాక, నిరపరాధిని అవమానించానని ఎక్కువగా దుఃఖించాడు. ఆ దుఃఖమే అతణ్ణి గంగాతీరానికి తీసుకుపోయి భాగవత శ్రోతను చేసింది.

దశరథుడు చెప్పిన నిజం

ఇక రామాయణం. శ్రీరాముడు అడవికి వెళ్ళిన ఆరవ రాత్రి దశరథుడు కౌసల్యకు తన యౌవనకాలపు సంగతి చెప్పాడు. వానకాలం, సరయూతీరం, చీకటి. నీటిలో కుండ మునుగుతున్న చప్పుడు వినిపించింది. ఏనుగు అనుకున్నాడు. చూడలేదు. శబ్దవేధి విద్య తెలుసు కనుక శబ్దాన్నే కొట్టాడు. తగిలింది అంధులైన తల్లిదండ్రులకు నీరు తీసుకుపోవడానికి వచ్చిన మునికుమారునికి.

ఇంతకంటే ఘోరమైన పొరపాటు లేదు. కాని తరువాత అతడు చేసినది చూడండి. ఆర్తనాదం విన్న వైపు పరుగెత్తాడు. బాలుడు తన బాధ కంటె తల్లిదండ్రుల దప్పిక గురించే ఎక్కువ చెప్పాడు. బాణం తీయమన్నాడు. ఉంచితే బాధ, తీస్తే ప్రాణం పోతుంది. దశరథుడు వణుకుతూనే తన చేతితో తీశాడు. అదే కుండలో నీరు నింపుకొని, బాలుడు చూపిన దారిన ఆశ్రమానికి వెళ్ళాడు. అడుగుల చప్పుడు విని కొడుకే వచ్చాడనుకున్నారు ఆ వృద్ధులు. అక్కడ ఒక్క అబద్ధం ఆడితే చాలు, చీకటిలో ఎవరికీ తెలియదు. అతడు నేను మీ కుమారుడను కాను, దశరథుడను అని జరిగినదంతా చెప్పాడు. ఈ సంగతి నీ అంతట నీవు వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల నూరువేల ముక్కలయ్యేదని ఆ వృద్ధుడు అన్నాడు. పుత్రశోక శాపం తప్పలేదు. ఫలం అనుభవింపక తప్పదు. అయినా నిజం చెప్పినందువల్ల తల నిలిచింది, వంశం నిలిచింది, ఆ వంశంలో రాముడు జన్మించాడు.

మౌసలపర్వంలో జర అనే వ్యాధుడు కూడా అంతే. యోగనిద్రలో ఉన్న శ్రీకృష్ణుని లేడి అనుకొని అరికాలిలో కొట్టాడు. మృగాన్ని పట్టుకోవాలని దగ్గరకు వచ్చాడు, చూశాడు, పాదాల మీద పడ్డాడు. స్వామి అతణ్ణి ఓదార్చాడు. దగ్గరకు రాకుండా పారిపోయి ఉంటే ఆ ఓదార్పు దొరికేదా?

ఇది గ్రంథాల్లోనే ఉన్న ధర్మం కాదు. మనకు ఆగ్నేయాన ఉన్న అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల జీవనాన్ని 1940 ప్రాంతంలో హైమెండార్ఫ్ అనే పండితుడు వారి మధ్య ఉండి పరిశీలించి గ్రంథం వ్రాశాడు. వేటలో దొరికినదానిలో కొంత ముందుగా గరెలమైసమ్మ తల్లికి సమర్పించడం వారి ఆచారం. ఆడమృగాన్ని చంపరాదని, పొరపాటున చంపితే ఆ తల్లిని మన్నింపు వేడుకోవాలని వారి పెద్దలు పాటించేవారు. అక్షరం చదవని అడవిలో కూడా పొరపాటుకు బాధ్యుడు పొరపాటు చేసినవాడే.

నేటి బాణాలు

ఇప్పుడు మన సంగతి. ఈ సభలో రైతులు ఉన్నారు. వేరుసెనగ, మొక్కజొన్న మీద అడవిపందులు పడితే కలిగే కష్టం నేను కాదనను. అందుకు అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకొనే మార్గం ఉంది. కాని ఉచ్చు పెట్టి ఇంటికి పోయి పడుకోవడం, పొలం చుట్టూ కరెంటు తీగ కట్టడం చట్టరీత్యా నేరం. ధర్మరీత్యా అది విలుకాడు లేని బాణం. పరీక్షిత్తు కనీసం లేడి వెంట పరుగెత్తాడు. ఉచ్చు పెట్టినవాడు తెల్లవారే వరకు ఆ ప్రాణి పడే యాతన చూడనైనా చూడడు. ఆ తీగకు రాత్రి నీరు పెట్టడానికి వచ్చిన పక్క పొలం రైతు బలి కావచ్చు. అతడు కూడా ఒక తల్లికి కుండలో నీరు తీసుకుపోయే బిడ్డయే.

ఇక్కడి నుండి అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే యాత్రికులు ఉన్నారు. మన్ననూరు దాటినప్పటి నుండి మీరు పులుల అభయారణ్యంలో ప్రయాణిస్తున్నారు. రాత్రివేళ ఆ దారిలో వాహనాలను ఆపడం మన కాలయాపనకు కాదు, ఆ ప్రాణుల రక్షణకు. పగటిపూట కూడా మెల్లగా నడపండి. కోతులకు పండ్లు విసరడం పుణ్యమనుకుంటాము. అది వాటిని చక్రాల కిందికి పిలవడమే. ఒకవేళ జింకకు వాహనం తగిలితే, దర్శనానికి ఆలస్యమవుతుందని సాగిపోకండి. మీరే పట్టి ఎత్తుకుపోకండి కూడా. దగ్గరలోని అటవీశాఖ చెక్‌పోస్టులో చెప్పండి. గాయపడిన ప్రాణిని పొదలో వదిలి మల్లన్న ముందు నిలబడితే, మృగాన్ని వెంబడించిన రుద్రుడు ఆయనే అని గుర్తుంచుకోండి.

అన్నిటికంటే ఎక్కువగా మనం వదిలే బాణం మాట. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు పెద్దలు. చేతిలో ఫోను వచ్చిన తరువాత అందరమూ శబ్దవేధులమే. ఎవరిదో చప్పుడు వినిపిస్తుంది, చూడము, విచారించము, పదిమందికి పంపుతాము. అది ఏనుగా, నీళ్ళు ముంచుకొనే పసివాడా అని ఆలోచించము. అబద్ధమని తెలిసిన తరువాత మన ఫోనులో చెరిపివేసుకొని పని అయిపోయిందనుకుంటాము. మన అమ్ములపొది ఖాళీ అయినంత మాత్రాన ఆ మనిషి గుండెలోని శల్యం ఊడిరాదు. ఎంతమందికి అబద్ధం పంపామో అంతమందికీ నిజం పంపాలి. ఎవరిని గాయపరిచామో వారి గడప దగ్గరకు మన కాళ్ళతో మనం వెళ్ళాలి.

దేవాలయంలో ప్రాయశ్చిత్తాలు ఉన్నాయి, దానాలు ఉన్నాయి, అభిషేకాలు ఉన్నాయి. అన్నీ చేయండి. ధర్మకర్తలు సంతోషిస్తారు, స్వామీ స్వీకరిస్తాడు. అయితే హుండీలో వేసిన ద్రవ్యం మన శల్యాన్ని మరొకరి ఒంటినుండి బయటకు తీయలేదు. దానికి దశరథుడు చేసినట్లు చీకటిలో కుండతో నడిచి వెళ్ళడమే దారి. ముందు ఆ దారి నడిచి, తరువాత గుడి మెట్లు ఎక్కండి. అప్పుడు మీ సమర్పణకు నిండుదనం వస్తుంది.

పరమేశ్వరుడు మన అందరి చేతులకు నిదానాన్ని, పొరపాటు జరిగినప్పుడు వెనుదిరిగి చూసే ధైర్యాన్ని ప్రసాదించుగాక.

స్వస్తి.