వాడుక కుదిరేదెలా?

ఈమధ్య స్త్రీల కార్యక్రమానికి వచ్చిన ఉత్తరాలలో ఒకటి నా మనసులో నిలిచిపోయింది. వ్రాసిన సోదరిది ఒక చిన్న పట్టణం. కేశసంస్కారం, ముఖాలంకరణ శ్రద్ధగా నేర్చుకున్నది. చేతిగాజులు తాకట్టు పెట్టి, ఇంటి వీధిగదిలో అద్దం, కుర్చీ, కావలసిన సామగ్రి అమర్చుకుని బ్యూటీ పార్లరు తెరిచింది. గుమ్మానికి బోర్డు కట్టింది. వార్తాపత్రికల మధ్య పెట్టించి ఇంటింటికీ కరపత్రాలు పంచింది. వైశాఖమాసపు పెళ్ళిళ్ళలో ఊపిరి సలపనంత పని దొరికింది. ఆషాఢం రాగానే గది బోసిపోయింది. "రోజంతా కుర్చీ తుడుచుకుంటూ కూర్చుంటున్నాను. నా పనిలో లోపమున్నదని ఎవరూ అనలేదు. అయినా వచ్చినవారు మళ్ళీ ఎందుకు రారు? గాజులు విడిపించుకునేదెప్పుడు?" అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. ఒకరి కింద కాక, సొంత చేతిపనిని నమ్ముకుని గుమ్మం తెరుచుకు కూర్చున్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే.

మన భాషలో 'వాడుక' అనే చక్కని మాట ఉన్నది. పాలవాడుక, పూలవాడుక అంటాము. వాడుకగా పాలు పోసే మనిషి ప్రతి ఉదయం తన పాలు మంచివని చాటింపు వేయడు. మనమూ ప్రతి ఉదయం బేరమాడము. ఒకనాడు నీళ్ళు ఎక్కువైతే మొగమాటం లేకుండా అడుగుతాము. మరునాడు అతడు సరిదిద్దుకుంటాడు. బేరం ఒక పూటది, వాడుక ఏళ్ళ తరబడిది. ఆ సోదరికి వైశాఖంలో దొరికినవి బేరాలు. ఆషాఢంలో ఆమెకు కావలసినవి వాడుకలు. కరపత్రం బేరాన్ని తీసుకురాగలదే కాని, వాడుకను కుదర్చలేదు.

మరి వాడుకను కుదిర్చేది ఏది? ఈ విషయంలో నూరేళ్ళకు పూర్వం అమెరికాలో ఒక చాకలి స్త్రీ నడిచిన దారి తెలుసుకోదగినది. ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. లోకం ఆమెను మేడమ్ సి. జె. వాకర్ అని ఎరుగును.

సారా 1867 డిసెంబరు 23వ తేదీన లూసియానా రాష్ట్రంలోని డెల్టా అనే పల్లెలో పుట్టింది. తల్లిదండ్రులు ప్రత్తిచేలలో బానిసలుగా బ్రతికినవారు. వారి సంతానంలో స్వేచ్ఛాజీవిగా కన్ను తెరిచిన మొదటి బిడ్డ ఆమె. ఏడవ ఏట తల్లీ తండ్రీ లేనిదయింది. పధ్నాలుగవ ఏట పెళ్ళి, ఇరవయ్యవ ఏట వైధవ్యం. చంకలో ఒక ఆడపిల్ల. సెయింట్ లూయీ నగరంలో క్షురకవృత్తిలో ఉన్న అన్నల వద్దకు చేరి, బట్టలుతికే పనిలో కుదురుకున్నది. రోజు కూలి సుమారు ఒకటిన్నర డాలరు. ఆ కూలితోనే బిడ్డను బడికి పంపింది.

ఆ రోజుల్లో అక్కడి పేద ఇండ్లలో కుళాయిలు లేవు. తలంటు అరుదు. కుదుళ్ళు పుండ్లు పడి జుట్టు ఊడిపోవటం నల్లజాతి స్త్రీలలో ఎంతో సాధారణమైన బాధ. సారాకూ ఆ బాధ తప్పలేదు. దుకాణాలలో అమ్మే లేపనాలలో చాలావరకు ఈ స్త్రీల బాధను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఆ లోటును గుర్తించి ముందడుగు వేసినది ఆనీ టర్న్‌బో అనే మరొక నల్లజాతి వనిత. ఆమె 1902లో సెయింట్ లూయీకి వచ్చింది. సహాయకురాండ్రను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. సీసా చేతిలో పెట్టి కొనమనలేదు. ముందు ఊరికే తల కడిగి, మందు రాసి చూపింది. గుణం కనిపించిన తరువాతనే అమ్మకం. సారా మొదట ఆమె మందు వాడి, పిమ్మట ఆమె తరఫున అమ్మకానికి కుదిరింది. వ్యాపారంలో ఆమె ఓనమాలు అక్కడే.

1905లో సారా డెన్వర్ నగరానికి తరలివెళ్ళింది. ఒక ఇంట వంటమనిషిగా చేస్తూనే తీరిక వేళల్లో మందు అమ్మింది. మరుసటి సంవత్సరం చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను వివాహమాడి, ఆయన పేరు మీద తన సొంత లేపనాన్ని తయారుచేసి అమ్మసాగింది. తన యోగం కాజేసిందని ఆనీ నింద వేసింది. గంధకం చేర్చిన లేపనాలు అంతకు ముందు నుంచీ వాడుకలో ఉన్నవే కనుక ఆ తగవు తేలేది కాదు. దానిని అట్లా ఉంచి, ఆమె మనుష్యులను సంపాదించుకున్న తీరు చూద్దాము.

ఆమె మొదట చూపినది తన తలనే. ఒకప్పుడు తన జుట్టు ఎట్లా ఉండేదో, ఇప్పుడెట్లా ఉన్నదో రెండింటి చిత్రాలనూ ప్రకటనలలో వేయించింది. డబ్బా మీద తన బొమ్మే వేయించింది. పరుల అందాన్ని చూపి అమ్మినవారు ఎందరో. తన బాధను దాచుకోక చూపి అమ్మినది ఆమె. చూసిన స్త్రీ, "ఈమె నావంటిదే" అనుకున్నది.

రెండవది, నమ్మకం ముందునుంచీ ఉన్న చోటికి ఆమె వెళ్ళింది. దక్షిణ రాష్ట్రాలలో ఊరూరా తిరుగుతూ, నల్లజాతివారి చర్చిలలోను, సంఘాలలోను స్త్రీలను సమావేశపరిచింది. నలుగురి ఎదుట చేసి చూపింది. క్రొత్త ఊరిలో క్రొత్త మనిషిని ఎవరు నమ్ముతారు? కాని ఆదివారం నాడు ప్రక్కన కూర్చుని ప్రార్థన చేసే పొరుగింటామె ఔనంటే నమ్ముతారు. నమ్మకాన్ని ఆమె ప్రతి ఊరిలోను మళ్ళీ పునాది నుంచి కట్టలేదు. కట్టి ఉన్న ఇంటి తలుపు తట్టింది.

మూడవది అన్నింటికంటె ముఖ్యమైనది. ఆమె మందును మాత్రమే అమ్మలేదు, పద్ధతి నేర్పింది. తరచుగా తలంటాలి, కుదుళ్ళకు లేపనం పట్టించాలి, కాచిన దువ్వెనతో దువ్వాలి. ఇది ఒక పూటతో ముగిసేది కాదు. కొన్ని వారాలు క్రమంగా సాగవలసినది. ఆ క్రమమే బేరాన్ని వాడుకగా మార్చింది. అంతటితో ఆగక, గుణం పొందిన స్త్రీలలో చురుకైనవారిని ఎంచి, వారికే పని నేర్పి, ఆ ఊరికి వారినే నిలిపి తాను ముందుకు సాగింది. 1908లో పిట్స్‌బర్గులో కుమార్తె లీలియా పేర శిక్షణాలయం స్థాపించింది. 1910లో ఇండియానాపొలిస్ నగరాన్ని కేంద్రంగా చేసుకుని కర్మాగారం నెలకొల్పింది. ఈ విధంగా నిన్నటి వాడుకదారు నేటి పనిమంతురాలయింది. బట్టలుతకటం, వంట చేయటం, ప్రత్తి తీయటం తప్ప వేరే దారి లేని స్త్రీలకు సొంతంగా సంపాదించుకునే మార్గం దొరికింది. తమకు అన్నం పెట్టే పనిని వారు ఎంత ప్రేమతో చెప్పుకుని ఉంటారో ఊహించవచ్చు. అంతకు మించిన ప్రకటన ఏ పత్రికలో దొరుకుతుంది?

ఆమెను విమర్శించినవారూ లేకపోలేదు. కాచిన దువ్వెనతో జుట్టు సాపు చేయటం తెల్లవారిని అనుకరించటమే అన్నారు. తన ఉద్దేశం కుదుళ్ళ ఆరోగ్యమే అని ఆమె సమాధానం. ఆ మందు పేరులోనే జుట్టు పెంచునదన్న అర్థమున్నది. జుట్టు రాలటానికి కారణాలు అనేకం; అన్నింటికీ ఒకే లేపనం పనిచేయదని నేడు మనకు తెలుసు. తలను శుభ్రంగా ఉంచటం, కుదుళ్ళ వ్యాధికి గంధకం వాడటం ఎందరికో మేలు చేసిన మాట మాత్రం నిజం.

1912లో షికాగోలో నల్లజాతి వర్తకుల మహాసభ జరిగింది. అధ్యక్షుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాట్లాడే అవకాశమివ్వలేదు. చివరిరోజున ఆమె తానే లేచి నిలబడింది. ప్రత్తిచేల నుంచి బట్టల తొట్టి వద్దకు, అక్కడినుంచి వంటింటికి, వంటింటి నుంచి సొంత వ్యాపారానికి తన్ను తానే పైకి తెచ్చుకున్నానని సభకు చెప్పింది. మరుసటి ఏడు ఆయనే ఆమెను ప్రసంగానికి పిలిచాడు. 1917లో ఫిలడెల్ఫియాలో ఆమె తన పనివారి సమావేశం జరిపింది. రెండువందలమందికి పైగా స్త్రీలు వచ్చారు. అమ్మకంలో ముందున్నవారికే కాక, దానధర్మాలలో ముందున్నవారికి కూడా ఆమె బహుమతులిచ్చింది. వ్యాపారం ఊరి మంచితో ముడిపడి ఉన్నంతకాలమే ఊరు దానిని తనదనుకుంటుందని ఆమెకు తెలుసు. 1919 మే 25న ఆమె కన్నుమూసింది.

ఇక మన సోదరి వీధిగదికి వద్దాము. కర్మాగారాలు, మహాసభలు ఆమెకు అక్కరలేదు. ముప్పై నలభై ఇండ్ల వాడుక కుదిరితే చాలు, గది నిండుతుంది, గాజులు ఇంటికి వస్తాయి.

మొదట ఒక నోటుపుస్తకం కావాలి. వచ్చిన ప్రతివారి పేరు, తేదీ, జుట్టు స్వభావం, రాసినదేమిటి, పడనిదేమిటి, మళ్ళీ ఎప్పుడు రావాలి అన్నవి అందులో వ్రాసుకోవాలి. లేచి వెళ్ళేముందు, "అయిదు వారాల తరువాత ఒకసారి కొసలు కత్తిరించుకుంటే మంచిది" అని చెప్పి పంపితే, ఆ మాటలోనే రెండవ రాకకు పిలుపు ఉన్నది. రెండు నెలల తరువాత వచ్చినామెను, "క్రిందటిసారి చెవుల వద్ద దురద పుట్టిందన్నారు, తగ్గిందా?" అని అడిగితే, ఆమె ఇక వేరే గుమ్మం వెదకదు.

రెండవది, కాదనటం నేర్చుకోవాలి. తలలో నాణెమంత మేర జుట్టు ఊడి నున్నబడినా, కుదుళ్ళలో పుండ్లున్నా, "ఇది నా పని కాదు, వైద్యునికి చూపించండి" అనాలి. జుట్టుకు రంగు వేయమన్నవారికి ముందుగా చెవి వెనుక కొంచెం రాసి, నలభై ఎనిమిది గంటలు ఆగి చూడాలి. కొందరికి ఆ రంగు పడక ముఖం వాచిపోతుంది. ఆ రెండు రోజులు ఆగలేక వెళ్ళిపోయేవారు ఒకరిద్దరుంటారు. ఆగినవారు మాత్రం పదిమందికి చెపుతారు. పోగొట్టుకున్న ఒక్క బేరం విలువ అప్పుడు తెలుస్తుంది.

మూడవది, ధర. గది ఖాళీగా ఉన్నదని సగం ధరకు దిగరాదు. సగం ధరకు వచ్చినవారు మరొకచోట పావుధర అంటే అటే పోతారు. తగ్గించటం కంటె రవ్వంత ఊరికే ఇవ్వటం మేలు. న్యూయార్కులో ఎస్టే లాడర్ తొలిరోజుల్లో చేసినది ఇదే. కేశాలంకరణశాలలో తల ఆరబెట్టుకుంటూ ఊరక కూర్చున్న స్త్రీల ముఖానికి తన క్రీము రాసి, వెళ్ళేటప్పుడు కొంచెం చేతిలో పెట్టి పంపేది. కంపెనీగా ఏర్పడినది 1946లో. అందుకు పునాది ఆ చిటికెడు క్రీములో ఉన్నది.

నాలుగవది చిన్నదిగా కనిపిస్తుంది కాని, మన ఊళ్ళలో అన్నింటికంటె పెద్దది. తల మరొకరి చేతిలో పెట్టి కూర్చున్నప్పుడు స్త్రీలు మనసు విప్పుతారు. అత్తగారి మాట, ఆడబిడ్డ మాట, అప్పుల మాట అన్నీ దొర్లుతాయి. ఆ గదిలో విన్నది గుమ్మం దాటరాదు. పొరుగింటి రహస్యం మనకు చెప్పిన మనిషి, మన రహస్యం పొరుగింటికి చెప్పదా? ఈ భయం పుట్టిన గదికి ఎంత మంచి అద్దమున్నా వాడుక నిలవదు.

ఇక ఆషాఢం సంగతి. ఆ సోదరి ఈ మాసాన్ని శత్రువుగా భావించింది. పెళ్ళిళ్ళు లేవు, నిజమే. కాని ఆషాఢంలో క్రొత్త పెళ్ళికూతుళ్ళు ఎక్కడ ఉంటారు? పుట్టినింట ఉంటారు. వైశాఖంలో ఆమె తన చేతులతో ముస్తాబు చేసిన ఆడపిల్లలే కదా! వారి ఇండ్లు ఆమెకు తెలుసు, వారి తల్లులు తెలుసు, ఏ పిల్లకు ఏది నప్పుతుందో కూడా తెలుసు. పైగా ఇది గోరింటాకు మాసం. రోట్లో నూరిన పచ్చి గోరింటాకు ఒక గిన్నెడు సిద్ధం చేసుకుని, ఆ పిల్లలను వారి అక్కచెల్లెళ్ళతో, ఇరుగుపొరుగుతో ఒక సాయంకాలం పేరంటానికి పిలిచినట్లు పిలవాలి. గోరింటాకు పండేందుకు గంటలు పడుతుంది. ఆ గంటలలో ఎవరి జుట్టు ఎందుకు చిట్లుతున్నదో, ఏ ముఖానికి సున్నిపిండి మేలో, ఏ రంగుల జోలికి పోరాదో చెప్పవచ్చు. ఊరికి క్రొత్త అయిన మేడమ్ వాకర్ చర్చి తలుపు తట్టవలసివచ్చింది. మన సోదరికి ఆ తలుపు తన వీధిలోనే ఉన్నది.

ఆమెకు నేను వ్రాసిన జవాబులో ఈ చివరి మాట ఒక్కటే ముందుగా వ్రాశాను. ఆషాఢం ఇంకా పన్నెండు రోజులున్నది.