బహుమానమును, ప్రేక్షకులును

స్వతంత్రముగా తీసిన చిత్రమునకు బహుమానమే రక్షయని పలువురందురు. ‘సంస్కార’ చరిత్రమును చూతము.

మన నెల్లూరి కవి పట్టాభిరామరెడ్డిగారు అనంతమూర్తిగారి నవలను కన్నడమున చిత్రముగా తీసిరి. అగ్రహారపు ఆచారములను ప్రశ్నించిన ఆ చిత్రమును మదరాసు సెన్సారువారు నిషేధించిరి. కేంద్రప్రభుత్వము ఆ నిషేధమును తొలగించెను. పిదప 1970వ సంవత్సరపు ఉత్తమచిత్రముగా జాతీయపురస్కారము దానికే లభించెను.

ఒకరు చూడరాదన్నదానినే మరియొకరు సర్వోత్తమమనిరి! ఈ రెండు తీర్పులలో ఏది న్యాయమో తేల్చవలసినవారు ప్రజలు. చూడనిదే ఎట్లు తేల్తురు? బహుమానము పొందిన చిత్రము మన పట్టణములలో ఒక్క ఆటయైనను ఆడకున్నచో, ఆ గౌరవము అమలుజరుగని డిక్రీ వంటిది.

కావున ప్రతి పఠనమందిరమును ఒక ఫిలిం సొసైటీకి తావిచ్చుగాక. చందాలు వేసికొని, అట్టి చిత్రములను తెప్పించి, చూచి, చర్చింతము. పతకము ప్రభుత్వమిచ్చును, ప్రాణము మనమే పోయవలెను.