ఓడినవాడు లేవవలెనా?

(పాఠశాల వార్షికోత్సవమున, తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై నిలిచి, ఉత్తీర్ణుల సంఖ్య, హాజరు, గదుల మరమ్మతులు మనవి చేయుట నాకు అలవాటు. ఆ వివరములన్నియు కార్యదర్శిగారి నివేదికలో ఇదివరకే వచ్చినవి. వానినే మరల చదివి మీ కాలమును హరింపను. ఈ దినమున ఒక ఆటను గూర్చి మాటలాడదలచినాను.

కారణము మనవి చేసెదను. గత శ్రావణమాసమున ఒక తండ్రిగారు నా గదికి వచ్చి, "సార్, శనివారం రెండు గంటలు పిల్లలతో చదరంగం ఆడిపిస్తున్నరట. మేం బడికి పంపేది చదువుకా, ఆటకా?" అని అడిగినారు. ఆ ప్రశ్న న్యాయమైనది. కూలి విడిచి, అంగడి మూసి వచ్చి అడిగిన మనుష్యునికి తేలిక మాటతో బదులు చెప్పరాదు. అప్పుడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. ఈనాటి ప్రసంగము ఆయనకు నేను బాకీపడిన సమాధానము.

మొదట ఒక సంగతి. చదరంగము మన జిల్లాకు క్రొత్తది కాదు. మన బసవకల్యాణము ఒకనాడు కల్యాణి చాళుక్యుల రాజధాని. అచ్చట 12వ శతాబ్దమున ఏలిన మూడవ సోమేశ్వరుడు సంస్కృతమున "మానసోల్లాసము" అను గ్రంథమును రచించినాడు. నూరు అధ్యాయముల ఆ గ్రంథమున రాజ్యపాలనము, వైద్యము, పాకము, సంగీతములతోపాటు చదరంగ క్రీడకును చోటు కలదు. రాజ్యమేలువాడు ఆటను శాస్త్రముతో సమానముగ కూర్చుండబెట్టినాడన్నమాట. అంతకు ముందే, సుమారు 1030 ప్రాంతమున, అల్ బెరూనీ అను పండితుడు మన దేశమున నలుగురు కూర్చుండి పాచికలతో ఆడు చదరంగమును చూచి వ్రాసినాడు. పాచిక చెప్పిన కాయనే కదపవలెను. కాలక్రమమున పాచిక తొలగిపోయినది. ఇద్దరాడు ఆట నిలిచినది. పాచిక ఉన్నచోట ఓడినవాడు అదృష్టమును నిందింపవచ్చును. పాచిక లేనిచోట తన ఆలోచననే సరిదిద్దుకొనవలెను. మన బడికి రెండవదియే కావలసినది. ఐనను అష్టాచెమ్మను నేను తక్కువ చేయను. గవ్వలు ఉన్నందుననే అయిదేండ్ల మనుమరాలు అరువదేండ్ల నాయనమ్మను గెలువగలుగుచున్నది. అందుచేతనే ఇద్దరును ఒకచోట కూర్చుండుచున్నారు. ఎవరికొరకు ఆట అను ప్రశ్నకు సమాధానము తెలిసిన పిమ్మటనే నియమమును వ్రాయవలెను.

మంచి ఆటకు గల రెండవ లక్షణము, నియమములు కొన్ని, ఫలితములు అనేకములు. చదరంగమున బల్లపై అరువదినాలుగు గళ్లు, ముప్పదిరెండు కాయలు, ఆరు విధముల నడకలు. ఒక పూటలో పిల్లవాడు నేర్చుకొనును. కాని మొదటి ఎత్తునకు 20 మార్గములున్నవి. ఎదుటివాడును తన ఎత్తు వేయగనే అవి 400 అగును. ఆపైన లెక్క మనకు చిక్కదు. మన తెలుగు వర్ణమాలయు నిట్టిదే గదా! యాబదియారు అక్షరములు నేర్చినవాని ముందు గ్రంథాలయములే తెరచుకొనును.

మూడవది సమత. రెండు పక్షములకును సమానమైన సేనలు. ఐనను తెల్లకాయలు ముందు నడచును గనుక, వేలకొలది పోటీల లెక్కలలో ఆ పక్షమునకు నూటికి 52 నుండి 56 వరకు పాళ్లు దక్కుచున్నవి. అందుచేత పోటీలయందు రంగులు మార్చి మార్చి ఆడింతురు. మన పులి-మేక ఆట మరియొక మార్గమును చూపుచున్నది. అందొక పద్ధతిలో పులులు మూడు, మేకలు పదునైదు. పులి మేకను చంపును. మేక పులిని చంపలేదు, కట్టివేయగలదు. సేనలు సమానము కావు, ఆట మాత్రము న్యాయమైనదే. ఒంటరి మేక పులికి ఆహారము. వరుస తప్పని మేకలు పులికి బోను. సంఖ్యలో చిన్నదైన మన సంఘమునకు ఈ మాట వేరుగ విప్పి చెప్పనక్కరలేదు.

నాలుగవది, ఆట విసుగు పుట్టించినపుడు నియమమును మార్చు ధైర్యము. పూర్వపు చదరంగమున మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే నడచెడివాడు. శకటు మూలగా రెండవ గడికి దుమికెడిది. ఆట మిక్కిలి మందముగ సాగెడిది. 15వ శతాబ్దము చివర ఐరోపాయందు మంత్రికిని శకటునకును దూరపు నడకలు కల్పించినారు. బల్లను మార్చలేదు, కాయల సంఖ్య మార్చలేదు. రెండు నడకలు మార్చినంతనే ఆటకు ప్రాణము వచ్చినది. మన కాలమునందు, 1996లో, అమెరికా దేశపు బాబీ ఫిషర్, ఆటగాండ్రు మొదటి ఎత్తులను కంఠస్థము చేసి ఆడుచున్నారని విసిగి, వెనుక వరుస కాయలను 960 విధములుగ అమర్చు పద్ధతిని ప్రకటించినాడు. కంఠస్థము ఎక్కువై ఆలోచన తక్కువైనపుడు ఆటకు పట్టిన గతియే చదువునకును పట్టును. ఉపాధ్యాయులమగు మేము ఈ మాటను ముందుగ మాకు చెప్పుకొనవలెను.

ఇక నా తప్పును చెప్పెదను.

మన బడిలో చదరంగపు బల్లలు నాలుగే. శనివారము గదిలో చేరు పిల్లలు నలువదిమంది. క్రమశిక్షణ కొరకు నేనొక నియమము పెట్టితిని: గెలిచినవాడు కూర్చుండును, ఓడినవాడు లేవవలెను. చాల సులువైన నియమము. తగవులు తగ్గినవి. నేను సంతోషించితిని. రెండు మాసములైన పిమ్మట చూడగా, నాలుగు బల్లలవద్దను ఎల్లప్పుడు ఆ ఆరుగురు ఏడుగురు పిల్లలే కనబడినారు. తక్కినవారు కిటికీ యొద్ద నిలిచి బయటకు చూచుచుండిరి. ఆరవ తరగతి బాలిక ఒకతె, ఆటలో ప్రతిసారి మొదట లేచిపోవునది, నాతో, "సార్, ఓడినోళ్లే గద ఎక్కువ ఆడాలె?" అన్నది.

మూడు పదుల యేండ్లుగ పాఠము చెప్పినవాడను. ఆ మాటకు నాయొద్ద బదులు లేకపోయినది. అభ్యాసము ఎవరికి మిక్కిలి అవసరమో వారికే నా నియమము అభ్యాసమును లేకుండ చేసినది.

మరుసటి శనివారము నియమమును తలక్రిందులు చేసితిని: గెలిచినవాడు లేవవలెను, ఓడినవాడు కూర్చుండవలెను. బల్లలవద్ద క్రొత్త ముఖములు కనబడినవి. ఐతే, మూడవ వారమున ఒక కొంటెవాడు కూర్చుండుట కొరకే కావలెనని ఓడసాగినాడు! నియమము ఏమి కోరునో మనుష్యుడు దానినే చేయును. మన మనస్సులోని కోరికను చేయడు. ఇదియు ఆ దినమున నేర్చినదే. అప్పుడు పిల్లలనే కూర్చుండబెట్టి, "మీరే నియమము చెప్పుడు" అంటిని. చాలసేపు వాదించి వారు తీర్మానించినది ఇది: ఎవరైనను వరుసగ మూడు ఆటలే, గెలిచి లేచినవాడు ఒక ఆటవరకు ఓడినవాని ప్రక్కన కూర్చుండవలెను, ఆట నడుచునపుడు మాటలాడరాదు, ముగిసిన పిమ్మట ఎచ్చట తప్పినదో చూపవలెను. ఆ నియమము నేటికిని నడచుచున్నది. కిటికీ యొద్ద ఇప్పుడెవరును లేరు.

ఈ సంగతి ఆటతో ముగియలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరగతిలో మేము చేయునది ఏమి? చక్కగ చదువువానిచేతనే పాఠము చదివింతుము. తడబడువానిని "కూర్చో" అందుము. అదియు "ఓడినవాడు లేవవలెను" అను నియమమే గదా! కనుక ఈ సంవత్సరము తెలుగు వాచకము గంటలో, తడబడిన పిల్లవాడు అదే పేరాను రెండవ మారు చదువవలెననియు, ప్రక్కవాడు సహాయపడవలెననియు ఏర్పాటు చేసితిమి. కాలము ఎక్కువ పట్టుచున్నది. పట్టనిండు.

తల్లిదండ్రులారా, ఇప్పుడు మన అందరి మనస్సులలోనున్న విషయమునకు వచ్చెదను. ఈ సంవత్సరము మూడు కుటుంబములవారు బదిలీ పత్రములు అడిగినారు. "తెలుగులో చదివితే బీదరులో ఏం పని దొరుకుతది?" అన్నారు. వారిపై నాకు కోపము లేదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోయి మన జిల్లా అప్పటి మైసూరు రాష్ట్రమున చేరిననాటినుండి ఈ ప్రశ్న మన గడపలలో నున్నది. ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పు వసతికొరకు రాజ్యాంగములో 350-ఏ అధికరణము చేరినదియు ఆ సంవత్సరమే. అధికరణము వసతిని ఇచ్చును. నమ్మకమును మనమే కలిగింపవలెను.

మన శనివారపు గదికి ఇరుగుపొరుగు పిల్లలును వత్తురు. మనవాడు శకటు అను కాయను కన్నడ బాలుడు ఒంటె అనును. మరాఠీ బాలుడును తన భాషలో ఒంటె యనియే అనును. మన మంత్రి మరాఠీ బాలుని యింట వజీరు. పేర్లు వేరు, నడక ఒక్కటే. ఇంటి పేరుతో నడకను చక్కగ నేర్చినవానికి రెండవ పేరు నేర్చుట ఒక దినపు పని. నడకయే రానివానికి ఎన్ని పేర్లు నేర్పిన నేమి?

పంజాబు దేశస్థుడగు మీర్ సుల్తాన్ ఖాన్ కథ దీనికి సాక్ష్యము. అతడు చిన్ననాట నేర్చినది మన దేశపు పాత చదరంగము. అందు బంటు మొదటి ఎత్తునను ఒక్క గడియే నడచును. మరికొన్ని నియమములును వేరు. తరువాత పాశ్చాత్య నియమములు నేర్చి, 1929లో ఇంగ్లండు చేరి, ఆ యేడే బ్రిటిషు జాతీయ పోటీలో గెలిచినాడు. 1932లోను, 1933లోను మరల గెలిచినాడు. మరణానంతరము 2024లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్ మాస్టరు బిరుదము నిచ్చినది. ఇంటి ఆటలో అలవడిన ఆలోచన పరదేశపు ఆటలో అక్కరకు వచ్చినది. ఐతే నిజము దాచరాదు: పాశ్చాత్యుల ప్రారంభపు ఎత్తులు ఆలస్యముగ నేర్చినందున అతడు కష్టపడినాడు. కాబట్టి ఇంటి నియమము చాలునని కూర్చుండుటయు తప్పే. బయటి నియమమును వేళకు నేర్పవలెను.

చెన్నపట్టణమున తెలుగు కుటుంబమునందు జన్మించిన దొమ్మరాజు గుకేశ్ పదునెనిమిదేండ్లకే 2024 డిసెంబరులో ప్రపంచ విజేత యైనాడు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లోను, 2024లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ పోటీలో గెలిచినది. మన పిల్లలందరు అట్లగుదురని నేను చెప్పను. రాజు, మంత్రి పుట్టుకతోనే పెద్దలు. ఎనిమిదవ వరుస చేరి రూపము మార్చుకొను అవకాశము ఆ ఆటలో బంటునకే యిచ్చినారు. మొదటి ఎత్తు తరువాత ఒక్కొక్క గడి చొప్పున నడిచి పోవలసినదే. ముందు నడుచుటయే గాని వెనుకకు మరలుట బంటునకు లేదు; అందుచేత దానికి ప్రక్కన తోడు కావలెను.

నా విన్నపములు రెండు. వచ్చు సంవత్సరమునుండి కన్నడమునకు వారమున మూడు గంటలు, ఇంగ్లీషునకు రెండు గంటలు అదనముగ చెప్పుటకు మా ఉపాధ్యాయులు ఒప్పుకొనినారు. ఆ పిల్లలను సాయంకాలము ఒక గంట ఆలస్యముగ ఇంటికి పంపుటకు మీరు ఒప్పుకొనుడు. రెండవది, వాచకము పట్టుకొని మీ బిడ్డ తడబడినపుడు చేతిలోని పుస్తకము తీసికొనకుడు. మరల చదువనిండు.

శ్రావణమాసమున ప్రశ్న వేసిన తండ్రిగారు ఈ సభలోనే యున్నారు. అయ్యా, మీరు బడికి పంపునది చదువుకే. ఆట మాకొక పాఠము చెప్పినది. మేము దానిని తరగతిలో అప్పగించుచున్నాము.