మజ్జాదానము – ఆనవాలు



ఉంగరము జారిపోయినందున దుష్యంతుడు శకుంతలను గుర్తింపక త్రోసిపుచ్చిన కథ మన కెల్లరకును దెలిసినదే. మానవదేహమును అట్టి రాజే. ఆనవాలు చూడక ఎవ్వరిని లోనికి రానీయదు. మన కణములపై నుండు ఆ ఆనవాళ్లను హెచ్.ఎల్.ఏ. ముద్రలందురు. ఫ్రెంచి వైద్యుడు జాన్ డాసె 1958లో ఇట్టి ముద్రను మొదట కనుగొనెను.

రక్తపు కాన్సరు, సికిల్ సెల్ వంటి వ్యాధులలో దాత ఎముకమజ్జలోని మూలకణములను రోగి కెక్కింతురు. ముద్రలు కలియనిచో రోగిదేహము వానిని తిరస్కరించును. లేదా వచ్చిన కణములే రోగిపై తిరుగబడును. ఈ ముద్రలు తల్లిదండ్రులనుండి సంక్రమించును గాన ఒక తోబుట్టువు పూర్తిగా సరిపోవుటకు నాలుగింట నొకపాలే అవకాశము. తక్కినవారు దాతల పట్టికను ఆశ్రయింపవలెను.

అమెరికా పట్టికపై 2014లో వెలువడిన పరిశోధన ప్రకారము, ఐరోపా సంతతి తెల్లవారిలో 100కు 75 మందికి సరియైన దాత దొరకు అవకాశము గలదు. ఆఫ్రికా సంతతి అమెరికనులలో 19 మందికే. వారి ముద్రలలో వైవిధ్యము మెండు, పట్టికలో వారి పేర్లు కొద్ది. అడంగలులో పేరెక్కని సాగుదారు ఉండియు లేనట్లే. పట్టిక కెక్కని దాతయు నట్లే.

దాత దొరకనిచో ముద్రనే మార్చరాదా? 2012లో వెలసిన క్రిస్పర్ అను జన్యుసవరణ విధానముతో ఈ యత్నము సాగుచున్నది. ముద్రలన్నియు తీసివేసినచో సహజసంహారక కణములు ముద్రలేనిదానిని చంపును. కావున 2019లో జపానునందలి క్యోటో విశ్వవిద్యాలయమువారు, ప్రయోగశాలలో రూపొందించిన మూలకణములలో ఏ, బి ముద్రలను దొలగించి సి ముద్రను మాత్రము నిలిపిరి. ఇట్టివి 12 రకములున్న, రెండవ తరగతి ముద్రలనుగూడ తీసివేసినచో, లోకములో నూటికి 90 మందికిపైగా సరిపోవునని వారి అంచనా. అయితే మజ్జకు బదులుగా ఇవి యింకను వాడుకలోనికి రాలేదు.

మఱియొక మార్గము గలదు. రోగి కణములనే సవరించి తిరిగి యెక్కించు సికిల్ సెల్ చికిత్సను 2023లో బ్రిటను, అమెరికాలు అనుమతించినవి. దీనికి దాతతో పనిలేదు. కాని అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు!

శాస్త్రము పేదవాని వాకిటికి వచ్చుదాక దాతయే దిక్కు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారును అచ్చట అల్పసంఖ్యాకులే. వారికి సరిపోవు ముద్ర ఈ గడ్డమీదనే యుండవచ్చును. పట్టికలో చేరుటకు చెంపలోపల దూదిపుల్లతో తీసిన నమూనా చాలును. యువకులారా! అన్నదానము ఒకపూట ఆకలి తీర్చును; ఈ దానము ఒక యింటి దీపమును నిలుపును.