గూటికి అలవాటు పడిన కుక్కపిల్ల
(మన సంఘం కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీకు బాగా తెలిసిన విషయం ఏదైనా ఒకటి చెప్పండి సుబేదార్ సాబ్" అన్నారు కార్యదర్శి గారు. రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో సర్వీసు చేసినవాడికి తెలిసినవి మూడే. గుర్రాలు, కంచరగాడిదలు, కుక్కలు. మొదటి రెండూ మీ క్వార్టర్లలో పట్టవు గనుక మూడోదాని గురించే మాట్లాడతాను.

మా కోర్ 1779లో పుట్టింది. మీరట్‌లో కుక్కలకు శిక్షణ ఇవ్వడం మాత్రం 1960లో మొదలైంది. 2022 అక్టోబరులో కశ్మీర్‌లో తూటాలు తగిలి 'జూమ్' చనిపోయినప్పుడు, 2023 సెప్టెంబరులో రాజౌరిలో తన హ్యాండ్లర్‌ని కాపాడుతూ 'కెంట్' ప్రాణం విడిచినప్పుడు టీవీ ముందు కూర్చుని మనమందరం కళ్ళు తుడుచుకున్నాం. తుడుచుకోవాల్సిందే. కానీ అదే మనలో కొందరు పోస్టింగ్ ఆర్డరు చేతికి రాగానే, రెండేళ్ళు ఇంట్లో పెంచిన కుక్కని మెస్ వెనకాల వదిలేసి బండెక్కుతున్నారు. అందరినీ అనడం లేదు. కానీ పోస్టింగుల సీజన్లో తాళం వేసిన క్వార్టర్ల వరండాల్లో గుమ్మం వైపు చూస్తూ కూర్చున్న కుక్కల్ని నేను ప్రతి కంటోన్మెంట్లోనూ చూశాను. ఎవరింటి కుక్కో పక్కింటివాళ్ళకి తెలుసు. పేరుపెట్టి పిలిస్తే వస్తుంది కూడా.

ఎందుకు వదిలేశావయ్యా అని అడిగితే ఒకటే జవాబు: "రైల్లో ఉండదు సార్, అరిచి గోల చేస్తుంది." అబద్ధం కాదు. మన రైళ్ళలో కుక్కని తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం మన పేరునే బుక్ అవ్వాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపరు వీటిల్లో దాన్ని ఎక్కనివ్వరు. మిగిలింది గార్డు ఉండే బ్రేక్‌వ్యాన్‌లోని డాగ్‌బాక్సు. అదొక ఇనుప అర. చీకటి, చప్పుడు. ఢిల్లీ నుంచి సికింద్రాబాద్‌కి ఒక పగలూ ఒక రాత్రీ. పుట్టి బుద్ధెరిగాక ఒక్క గంట కూడా తలుపు మూసిన చోట ఉండని కుక్కని తెచ్చి అందులో తోస్తే అది అరవక ఏం చేస్తుంది? అందుకని పోస్టింగ్ వచ్చాక ఆలోచిస్తే లాభం లేదు. పిల్ల ఇంటికొచ్చిన రోజే మొదలుపెట్టాలి. దీన్నే క్రేట్ ట్రైనింగ్ అంటారు. క్రేటు అంటే ఇనుప తీగలతోనో, గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన తలుపున్న పెట్టె, అంతే.

మన ఇళ్ళల్లో మొదటి అడ్డంకి ఈ మాట దగ్గరే వస్తుంది. "పసిదాన్ని బోన్లో పెడతారా, పాపం తగలదూ" అంటారు అత్తగారు. బోను అంటే ఎలుకకీ పులికీ పెట్టేది. ఆ మాట వాడితే నాకూ మనసొప్పదు. మా ఇంట్లో మేము 'గూడు' అన్నాం. "గూటికి" అంటే చాలు, వెళ్ళి పడుకునేది. కుక్క జాతి నైజమే అది. ఊళ్ళో ఈనిన కుక్కని చూడండి, గడ్డివాము కిందో, అరుగు సందులోనో, మూడు వైపులా మూత ఉన్న చోటే వెతుక్కుంటుంది. పడుకునే చోట మలమూత్రాలు పోయకూడదన్న పట్టింపు కూడా పిల్లకి తల్లి దగ్గరే వస్తుంది. ఈ రెండు గుణాల మీదే మన పనంతా ఆధారపడింది.

ఆ పట్టింపు పోకుండా ఉండాలంటే గూడు సైజు ముఖ్యం. లేచి నిలబడాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపి పడుకోగలగాలి. అంతకు మించి అక్కర్లేదు. ఎలాగూ లాబ్రడార్ పెద్దదవుతుంది కదా అని పెద్ద పెట్టె తెస్తే, ఒక మూల పడుకుని ఇంకో మూల తడిపేస్తుంది. పెద్దది కొన్నా ఫర్వాలేదు, మధ్యలో అడ్డు పెట్టి, పిల్ల పెరిగేకొద్దీ జరుపుకోండి. ఇంకొక మాట, రెండు నెలలు నిండకుండా పిల్లని తల్లి దగ్గర్నుంచి తేవద్దు.

మొదటి రోజు తలుపు ముయ్యకండి. తలుపు వెనక్కి కట్టేసి, లోపల పాత దుప్పటి ముక్క వేసి, అన్నం గిన్నె గుమ్మంలో పెట్టండి. పూటపూటకీ గిన్నె కాస్త లోపలికి జరపండి. దానంతట అది లోపలికెళ్ళి తింటున్నప్పుడు తలుపు చేరవేసి, తినగానే తీసెయ్యండి. తర్వాత రెండు నిమిషాలు, అయిదు, పది. మొదట మీరు కళ్ళెదురుగా ఉండాలి, తర్వాత వంటింట్లోకి వెళ్ళి రావాలి. కొందరికి నాలుగు రోజులు పడుతుంది, కొందరికి నెల. ఫలానావాళ్ళ కుక్క వారంలో నేర్చుకుందని మీది బలవంతంగా తోస్తే చేసిందంతా మొదటికొస్తుంది. మెడ బెల్టు మాత్రం తీసేసి లోపలికి పంపండి. తీగలకి తగులుకుంటే ఊపిరాడదు.

రాత్రుల సంగతి దగ్గరే చాలామంది ఓడిపోతారు. తల్లినీ తోబుట్టువుల్నీ విడిచి వచ్చిన పిల్ల మొదటి రాత్రి ఏడవకుండా ఎలా ఉంటుంది? రిక్రూట్‌గా ట్రైనింగ్ సెంటర్లో మొదటి రాత్రి మీరెవరైనా నిద్రపోయారా? (నవ్వులు) గూడు వరండాలో కాదు, మీ మంచం పక్కన పెట్టుకోండి. చెయ్యి కిందికి వేలాడేస్తే వాసన తగిలి సగం ఏడుపు ఆగుతుంది. రెండు నెలల పిల్ల రాత్రంతా ఆపుకోలేదు. ఒకసారో రెండుసార్లో లేచి బయటికి తీసుకెళ్ళాల్సిందే. పని కాగానే మాటామంతీ, ఆటా లేకుండా మళ్ళీ గూటికి. అది ఏడిస్తే రెండు విషయాలు చూడండి: కడుపు బాధా, గారాబమా. మొదటిదైతే వెంటనే తియ్యండి. రెండోదైతే ఒక్క క్షణం ఊరుకున్నప్పుడు తియ్యండి. అరుస్తుంటే తీస్తే అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్పినవాళ్ళు మీరే అవుతారు.

పగటిపూట లెక్క సులువు. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చే గంటలు పైహద్దు. అది హద్దే గానీ రోజూ వాడుకోమని కాదు. రెండు నెలల పిల్లకి గంట, గంటన్నర చాలు. నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి. నేనొకటి గట్టిగా చెబుతాను: భార్యాభర్తలిద్దరూ డ్యూటీకెళ్ళి పొద్దున్నుంచి సాయంత్రం దాకా లోపల పడేస్తే అది శిక్షణ కాదు, జైలు. అలాంటి ఇళ్ళల్లో పసిపిల్లని తెచ్చుకోకపోవడమే మేలు. కోపంతో కూడా గూట్లోకి తోయకండి. చెప్పు కొరికిందని లోపల పెడితే, రేపు "గూటికి" అనగానే మంచం కిందికి దూరుతుంది.

ఇంగ్లీషు పుస్తకాల్లో గూటి మీద దుప్పటి కప్పమంటారు. అది చలిదేశాల మాట. జోధ్‌పూర్‌లోనో, విజయవాడలోనో మే నెలలో దుప్పటి కప్పితే కుక్క వడదెబ్బకి పోతుంది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, వగర్చి చల్లబడాలి. పగ్గులాంటి చప్పిడిముక్కు కుక్కలకి ఆ వగర్పు కూడా సరిగ్గా ఆడదు. పల్చటి నూలు గుడ్డ మూడు వైపులా వేసి, ముందువైపు వదిలెయ్యండి. ఫ్యాన్ గాలి తగలాలి, నీళ్ళ గిన్నె తీగకి కట్టి ఉండాలి.

దీపావళికి ఈ గూడు విలువ మీకే తెలుస్తుంది. టపాసుల మోతకి గోడ దూకి పారిపోయే కుక్కలు ఎన్నో. గూడు ఉన్న కుక్క దాంట్లోకెళ్ళి ముడుచుకుంటుంది. ఆ రోజు తలుపు తెరిచే ఉంచండి.

ఇక ప్రయాణం. పోస్టింగ్ నెల రోజులుందనగా గూడుని రోజూ కాసేపు జీపులోనో, ఆటోలోనో పెట్టి తిప్పండి. ఆదివారం స్టేషనుకి తీసుకెళ్ళి ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టండి, ఇంజను కూత వినిపించండి. రేబిస్ టీకా కార్డు, డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు సిద్ధం చేసుకుని పార్శిల్ ఆఫీసులో ముందుగా అడగండి. బయల్దేరే ముందు కడుపునిండా పెట్టకండి, నీళ్ళు మాత్రం మానకండి. డాగ్‌బాక్సులోకి గూట్లోని అదే పాత దుప్పటి ముక్క వెయ్యండి, ఉతక్కుండా. బండి ఎక్కువసేపు ఆగే స్టేషన్లలో గార్డు గారిని అడిగి వెళ్ళి చూసి, నీళ్ళు పెట్టి రండి. వేసవిలో అయితే బ్రేక్‌వ్యాన్ మాట మరచిపోండి, డబ్బు కాస్త ఎక్కువైనా కూపే చేసుకోండి.

మా ఇంటి గూడు ఈ రోజు వెంట తెచ్చాను, టీ బల్ల పక్కన ఉంది. కొలతలు తీసుకునేవాళ్ళు తీసుకోండి. టేపు కూడా తెచ్చాను. పిల్లలు అప్పుడే అందులో దూరి కూర్చున్నట్టున్నారు, ముందు వాళ్ళని బయటికి తియ్యాలి. (నవ్వులు) సెలవు. జై హింద్.