చదువు ఖర్చులో ఆడపిల్ల వాటా
(తగరపువలస మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



కొడుకు అమెరికా వెళ్తానంటే ఇల్లు తాకట్టు పెడతాం. కూతురు ఫైనాన్స్‌లో ఎం.ఎస్. చేస్తానంటే ఆ డబ్బు కట్నానికి ఉంచుదామంటాం. కట్నం ఇవ్వడమూ నేరమేనని 1961 చట్టం చెప్తోంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కును 2005లో హిందూ వారసత్వ చట్ట సవరణ ఇచ్చింది. కూతురు అడుగుతున్నది దయ కాదు, తన వాటా.

అయితే అప్పు చేసేముందు లెక్క తెలియాలి. ఫీజొక్కటే చూడకండి. యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలో ఫీజు, తిండి, అద్దె, ఇన్సూరెన్సు కలిపిన ఖర్చు ఉంటుంది. దాన్ని పక్కపక్కన పెట్టి పోల్చండి. చిన్న ఊళ్ళలో అద్దె తక్కువ. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు; ఆ డబ్బుతో ఫీజు తీరదు.

కోర్సు కోడ్ కూడా అడగండి. మామూలు ఫైనాన్స్ కోడ్ అయితే చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఏడాదే గడువు. ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ వంటి 'స్టెమ్' కోర్సుకు మరో 24 నెలలు దొరకొచ్చు. అప్పు తీరేదీ తీరనిదీ చాలావరకు అక్కడే తేలుతుంది.

చౌక అని మోసపోవద్దు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు, మన పిల్లల్లో కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. ఏజెంటు మాట కాదు, అమెరికా విద్యాశాఖ గుర్తింపు జాబితా చూడండి.

తాకట్టు కాగితం మీద సంతకం తల్లిది కూడా. ఆ సంతకానికి ముందే తల్లీకూతుళ్ళు కూర్చుని ఈ లెక్క వేసుకోవాలి.