పని హక్కు – పంచాయతీ బాధ్యత
(పెదబయలులో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పని, కూలి యనునవి మన మన్యమునకు క్రొత్త మాటలు కావు. అప్పు తీరువరకు అప్పిచ్చినవానికి చాకిరి చేయు 'గోతి' పద్ధతి విశాఖ మన్యమున చిరకాలముండెను. కొద్ది రూకల బాకీకి ఒక మనిషి జీవితమే తాకట్టు పడెడిది. దానిని తొలగించుటకు 1940లో ఏజెన్సీ ప్రాంతములకు ప్రత్యేకముగా ఒక రెగ్యులేషను వచ్చినది. 1976లో దేశమంతటికిని వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చినది. గూడెము ప్రాంతమున నర్సీపట్నము నుండి చింతపల్లికి బాట వేయించినప్పుడు బాస్టియన్ అను డిప్యూటీ తహశీల్దారు గిరిజనులచే బలవంతముగా పని చేయించి సరియైన కూలి ఈయలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుగారి దళము చింతపల్లి పోలీసు ఠాణాపై పడుటకు గల కారణములలో ఆ బాటకూలి యొకటి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన మన జిల్లాకు ఆయన పేరే పెట్టుకొంటిమి. ఆ పేరుగల జిల్లాలో బాటపని చేసినవానికి కూలి ముట్టలేదనుమాట వినబడిన మనకెంత సిగ్గు!

2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రముననే, అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభింపబడినది. పని కోరిన కుటుంబమునకు ఏటికి 100 దినముల పని చూపుట ప్రభుత్వ విధి యని ఆ చట్టము చెప్పినది. దయతో ఇచ్చు పని వేరు, హక్కుగా అడుగు పని వేరు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానమున వేరొక చట్టము నామోదించినది. ఇందు దినములు 125. ఖర్చులో మన రాష్ట్రమువంటివి 40 పాళ్ళు భరింపవలయును. విత్తు, కోత కాలములందు మొత్తము 60 దినముల వరకు ఈ పనులు నిలుపుటకు ఏర్పాటున్నది. ఈ చివరి విషయమున మీరు మెలకువగా నుండవలయునని నా మనవి.

ఏలయనగా మైదానపు పంచాంగము కొండకు చెల్లదు. కోస్తాలో నాట్లు, కోతలు ఒక లెక్కకు వచ్చును. ఇచ్చట చోళ్ళు, సామలు ఒక కాలమున, వలిసెలు ఒక కాలమున చేతికి వచ్చును. కాఫీపండ్ల కోత ముఖ్యముగా చలికాలపు పని. అటుపిమ్మట పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టవలయును. వానకాలమున పాతగింజ అయిపోయి క్రొత్తగింజ రాని నెలలుండును. పనియు, పైకమును మిక్కిలి కావలసినది ఆ నెలలలోనే. ప్రాంతమును బట్టి ఈ విరామమును వేర్వేరుగా ప్రకటించు వీలు చట్టమందు కలదు. కావున మన పంట కాలములెవ్వియో, పస్తు నెలలెవ్వియో గ్రామసభలో తీర్మానము చేసి వ్రాతమూలముగా పైకి పంపుడు. మీరు చెప్పనిచో కొండనెరుగనివారు తమకు తోచిన నెలలు నిర్ణయింతురు.

రెండవది రసీదు. పని కోరిన 15 దినములలో పని చూపవలయును, లేనిచో నిరుద్యోగ భృతి ఈయవలయును అను సూత్రము పాత చట్టమందుండెను, క్రొత్తదానియందును ఉన్నది. కాని ఆ 15 దినములు ఏనాటినుండి లెక్కింతురు? తేదీ వేసిన రసీదు లేనివానికి లెక్కయే లేదు. నోటిమాటగా అడిగి తిరిగిపోయినవాడు అడుగనివానితో సమానమైపోవుచున్నాడు. కాగితము చిన్నదే, హక్కంతయు దానిపై నిలిచియున్నది. వార్డు సభ్యుడు తన గూడెములో పని కోరినవారి పేర్లు, తేదీలు ఒక పుస్తకమున వ్రాసి యుంచినచో సగము తగవులు తీరును. తెలుగు సరిగా రానివారికి ఆదివాసి ఒడియాలోనో, కువిలోనో చెప్పుడు; చట్టము అర్థమైన మాటలోనే చట్టమగును.

హాజరు సంగతి మరియొకటి. 2023 జనవరి 1 నుండి పనిచోట రోజుకు రెండుమారులు సెల్‌ఫోనుతో కూలీల ఫొటోలు తీసి హాజరు వేయు పద్ధతి అన్నిచోట్ల తప్పనిసరియైనది. దొంగ మస్టర్లు అరికట్టుటకిది మంచి ఉపాయమే. అయితే సిగ్నలందని గెడ్డపక్క పల్లెలో ఫొటో చేరనిచో, చెమటోడ్చిన దినము లెక్కకు రాకపోవచ్చును. అట్టిదినమున వచ్చినవారెవరో, ఏ పని ఎంత జరిగినదో అచ్చటనే వ్రాసి, పలువురిచే వ్రేలిముద్రలు వేయించి, మరునాడే మండల కార్యాలయమున ఒప్పగింపుడు. వారము గడచినచో ఎవరు వినెదరు? ఆధార్ కార్డునందొక విధముగను, బ్యాంకునందొక విధముగను పేరున్నవారిని ముందుగనే సరిచేయించుడు.

స్త్రీపురుషులకు ఒకే కూలి. పనిచోట త్రాగునీరు, నీడ, మందులపెట్టె యుండవలయును. చంకబిడ్డతో మట్టి మోయు తల్లిని చూచి ఊరకుండిన పంచాయతీ, పంచాయతీ కాదు.

ఏ పనులు చేపట్టవలయునన్నది కాంట్రాక్టరు తేల్చునది కాదు. 1996 నాటి షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీ విస్తరణ చట్టము ప్రకారము గ్రామాభివృద్ధి ప్రణాళికలు అమలునకు ముందు గ్రామసభ ఆమోదము పొందవలయును. ఖర్చయిన పైకమునకు వినియోగ ధ్రువపత్రము గ్రామసభ నుండియే పొందవలయును. ఈ అధికారము మైదానపు పంచాయతీల కీ విధముగా లేదు. దీనిని వాడుకొని, కాఫీతోటకు పోవు బాట, వాలు పొలములకు రాతికట్టలు, ఊటనీటి చెలమలు మొదలైన వానిని ముందు వరుసలో పెట్టుడు. ఈ సంవత్సరము కూలి ఇచ్చి, వచ్చు సంవత్సరము పంట నిచ్చు పనియే మేలు. అడవి సరకుల అమ్మకము, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సంగతి మరియొకసారి మాటలాడుదము. అదియొక పెద్ద ప్రకరణము.

ఇప్పుడు ఇంజనీరుగారు కొలతల పుస్తకము వ్రాయు విధమును చూపుదురు. ప్రతి సభ్యుడును తన ఊరి పని నొకదానిని తీసికొని తానే కొలిచి వ్రాయవలెనని కోరుచున్నాను.